అటక మీది హీ-మ్యాన్: పాత బొమ్మల్ని వెతికి, కడిగి, బాగుచేసి, నిలుపుకోవడం ఎలా

ఎనభైల చివర్లో దూరదర్శన్‌లో హీ-మ్యాన్ కార్టూన్ చూస్తూ పెరిగినవాళ్లకి ఇప్పుడు నలభై దాటుంటాయి. ఎటర్నియా అనే గ్రహం, అక్కడొక రాకుమారుడు ఆడమ్. కత్తి పైకెత్తి మంత్రంలాంటి మాట అనగానే లోకంలోకెల్లా బలవంతుడైన హీ-మ్యాన్ అవుతాడు. అతని వెంట తిరిగే పిరికి పులి జీను కట్టుకున్న యుద్ధపులి అవుతుంది. ఎదుట పుర్రెముఖం స్కెలెటర్. రాకుమారుడి తల్లి మార్లీనా భూమి నుంచి వెళ్లిన వ్యోమగామి. ఆమె అంతరిక్ష నౌక ఆ గ్రహం మీద కూలిపోతే అక్కడే ఉండిపోయి రాణి అయింది.

కత్తులూ లేజర్ తుపాకులూ ఒకే కథలో ఉండటం నెల్లూరు వైపు పిల్లలకి ఏమాత్రం వింత అనిపించలేదు. ఒక పక్క టూరింగ్ టాకీసులో జానపద సినిమా, ఇంకో పక్క అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది అక్కడి నుంచే. 1987 మార్చిలో, 1988 జూలైలో ఎగిరిన ఏఎస్‌ఎల్‌వీ రాకెట్లు రెండూ విఫలమయ్యాయి. మనం మాత్రం మేడెక్కి ఆకాశం చూడటం మానలేదు. టీవీలో ఒక గ్రహం, తూర్పున ఒక రాకెట్టు. మన ఆటలన్నీ ఆ రెంటి మధ్యే నడిచాయి.

ఆ ఆటల్లో చేతిలో ఉన్న బొమ్మలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. కాళ్లు ఊడి, కత్తి పోయి, దుమ్ము పట్టి ఉంటాయి, అంతే. వాటిని మళ్లీ నిలబెట్టడం ఇంట్లో దొరికే సామానుతో అయ్యే పని. ఒక్క మాట ముందే చెప్పాలి. బొమ్మని కొత్తదానిలా మార్చడం ఈ పని ఉద్దేశం కాదు. మళ్లీ ఆడుకోవడానికి పనికొచ్చేలా చేయడమే ఉద్దేశం. అరిగిన రంగు, పంటిగాటు, పెన్నుతో రాసుకున్న పేరు మనం ఆడిన ఆటకి గుర్తులు. కింద చెప్పే ప్రతి పనిలోనూ ఏది సరిచేయాలి, ఏది వదిలేయాలి అన్నది దీన్నిబట్టే తేల్చుకోండి.

మొదటి మెట్టు: వెతకడం

ముందు అమ్మని అడగండి. "ఆ బొమ్మల పెట్టె యాడ పెట్టినావమ్మా?" అంటే "యాడో ఉంటాదిలే అబ్బయ్యా, పండక్కి దులిపేటప్పుడు చూద్దాం" అనే జవాబు వస్తుంది. ఆ 'యాడో' అన్నచోటు చాలాసార్లు అటక మీది రేకుపెట్టె, లేదంటే మూత బిగుసుకుపోయిన పాత సూట్‌కేసు. మన ఇంట్లో లేకపోతే అమ్మమ్మగారింట్లోనో, మేనమామ ఇంట్లోనో ఉంటాయి. వేసవి సెలవులకి ఊరెళ్లేటప్పుడు బొమ్మలు కూడా మనతోనే వచ్చేవి కాబట్టి, కొన్ని అక్కడే ఆగిపోయాయి. అక్కచెల్లెళ్లకి, పెదనాన్న పిల్లలకి ఫోన్ చేసి అడగండి. ఎవరి దగ్గర ఏ బొమ్మ ఉండేదో, ఎవరు దేన్ని ఎక్కడ పోగొట్టారో ఒకరికి గుర్తులేనిది ఇంకొకరికి గుర్తుంటుంది. ఆ మాటలన్నీ అప్పుడే ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. బొమ్మతో పాటు ఆ కథ కూడా దొరకాలి.

పెట్టె దొరికాక దాన్ని ఆరుబయట బోర్లించి దులపకండి. నేల మీద తెల్ల పంచె పరిచి, ఒక్కొక్కటే తీయండి. అడుగున మిగిలిన దుమ్ముని కూడా జల్లెడ పట్టండి. వేలెడంత కత్తి, డాలు, బెల్టు ముక్క, కొక్కెం లాంటివి ఆ చెత్తలోనే దొరుకుతాయి. విరిగిన ముక్క దేనిదో తెలియకపోయినా పారేయకుండా కవర్లో వేసి పక్కన పెట్టండి.

ఇప్పుడే ఫోటోలు తీయండి. ముందు, వెనక, రెండు పక్కలా, అరికాళ్లు. ఒక్క దుమ్ము కూడా తుడవకముందు ఎలా ఉందో ఫోటో ఉంటే, తర్వాత ఏ ముక్క ఎటు పెట్టాలన్న అనుమానం వచ్చినప్పుడు అదే చూసుకోవచ్చు.

రెండో మెట్టు: చేతిలో ఉన్నది ఏ బొమ్మో తెలుసుకోవడం

ఈ బొమ్మల సంగతి కొంచెం తిరగబడి నడిచింది. కార్టూన్ వచ్చాక బొమ్మలు రాలేదు. అమెరికాలో మ్యాటెల్ కంపెనీ 1982లో బొమ్మలు దించింది, ఆ తర్వాత 1983లో ఫిల్మేషన్ స్టూడియో కార్టూన్ మొదలుపెట్టింది. రెండు సీజన్లలో 65 చొప్పున మొత్తం 130 భాగాలు. మన దేశంలో ఈ బొమ్మల్ని మ్యాటెల్‌తో ఒప్పందం మీద లియో పేరుతో తయారుచేసి అమ్మారు. కాబట్టి మీ దగ్గరున్నది మూడు రకాల్లో ఒకటయ్యే అవకాశం ఎక్కువ: లియో బొమ్మ, గల్ఫ్ నుంచో అమెరికా నుంచో బంధువులు తెచ్చిన మ్యాటెల్ బొమ్మ, లేదా తిరునాళ్లలో కొన్న నకలు.

వీపు చూడండి. అక్కడ అచ్చుపోసిన అక్షరాలుంటాయి. మ్యాటెల్ పేరు పక్కన 1981 అని ఉంటే మీ బొమ్మ ఆ ఏడాదే తయారైందని కాదు. అది ఆ రూపం మీద హక్కు నమోదైన సంవత్సరం. తర్వాత ఎన్నేళ్లు ఆ అచ్చు వాడినా అదే అంకె పడుతుంది. పక్కనే దేశం పేరు కూడా ఉండొచ్చు.

అసలైన పాత బొమ్మ అయిదున్నర అంగుళాలు, అంటే 14 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. మోకాళ్లు, మోచేతులు వంగవు. ఎప్పుడూ కాస్త గొంతుకూర్చోబోతున్నట్టు కాళ్లు వంచే నిలబడతాడు. నడుము ఒక పక్కకి తిప్పి వదిలితే లోపలి స్ప్రింగు వల్ల గిర్రున వెనక్కి తిరిగి గుద్దుతాడు. ఈ గుద్దు కోసమే మనలో చాలామంది ఆ బొమ్మ కావాలని ఏడ్చాం. 2020 నుంచి మ్యాటెల్ 'ఆరిజిన్స్' పేరుతో పాత రూపంలోనే కొత్త బొమ్మలు చేస్తోంది. వాటికి మోకాలు, మోచేయి, మణికట్టు అన్నీ కదులుతాయి. ఎవరైనా పాతదని చెప్పి అమ్మజూపితే ముందు మోచేయి వంచి చూడండి.

జొన్నవాడ, పెంచలకోన తిరునాళ్లలో, రొట్టెల పండుగ అంగళ్లలో కొన్న బోలు ప్లాస్టిక్ బొమ్మల్ని తక్కువగా చూడొద్దు. వాటి వీపు మీద ఏ పేరూ ఉండదు, రంగులు ఇష్టమొచ్చినట్టుంటాయి, చేయి ఒక పక్క అతుకు దగ్గర పగిలుంటుంది. అయినా ఎక్కువమంది పిల్లలకి దొరికిన హీ-మ్యాన్ అదే. వాటినీ అంతే శ్రద్ధగా బాగుచేయండి.

ఏ భాగం ఏ రకం ప్లాస్టిక్కో గోటితో నొక్కి తెలుసుకోవాలి. ఛాతీ గట్టిగా ఉంటుంది. తల బోలుగా, మెత్తగా ఉంటుంది. కాళ్లు రబ్బరులాగా ఉంటాయి. గట్టి భాగానికి ఒక మందు, మెత్తని భాగానికి ఇంకో మందు. ఈ తేడా తెలియకుండా దేన్నీ ముట్టుకోకండి.

మూడో మెట్టు: కడగడం

గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు. మెత్తని పాత టూత్‌బ్రష్, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, నూలు గుడ్డ ఉంటే సరిపోతుంది.

బొమ్మని నీళ్లలో ముంచకండి. నడుములో ఇనుప స్ప్రింగు ఉంది. నీళ్లు లోపలికి పోతే ఆరవు, స్ప్రింగు తుప్పు పడుతుంది, ఆ తర్వాత గుద్దు ఉండదు. బోలు తలలోకి పోయిన నీళ్లు కూడా అంతే, నెల్లూరు గాలిలోని చెమ్మకి లోపలే బూజు పడుతుంది. బ్రష్ తడిపి, విదిలించి, దానితో రుద్దాలి. వెంటనే తడిగుడ్డతో సబ్బు తుడిచేయాలి, తర్వాత పొడిగుడ్డ. ఛాతీ కవచం వెనక బిగింపు ఉంటుంది. అది ఏళ్లనాటిది కాబట్టి పెళుసెక్కి ఉండొచ్చు. లాగకుండా, కాసేపు గోరువెచ్చని గుడ్డ చుట్టి మెత్తబడ్డాక రెండు బొటనవేళ్లతో విప్పండి. కవచం విడిగా ఉంటే దాన్ని మాత్రం నీళ్లలో వేసి కడగొచ్చు.

అరలోపల ఏళ్ల తరబడి పడుకున్న బొమ్మ కాళ్లు చేతికి జిగటగా తగులుతాయి. అది మురికి కాదు. మెత్తని పీవీసీలో మెత్తదనం కోసం కలిపిన పదార్థం మెల్లగా పైకి ఊరుతుంది. సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాక, కొంచెం టాల్కం పౌడర్ అద్ది దులిపేయండి. కొన్ని నెలలకి మళ్లీ ఊరుతుంది, మళ్లీ తుడవాలి. దీనికి శాశ్వతమైన చికిత్స లేదు.

వాడకూడనివి గట్టిగా గుర్తుపెట్టుకోండి. గోళ్లరంగు తుడిచే ద్రవం, పెయింట్ థిన్నర్, పెట్రోలు. ఇవి గట్టి ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి, ముఖం మీది కళ్లూ కనుబొమలూ తుడిచిపెడతాయి. చేతులకి రాసుకునే శానిటైజర్ కూడా రంగుని లేపేస్తుంది. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని పెద్దవాళ్లు చెబుతారు. మెరుస్తుంది, కానీ దుమ్ముని పట్టి ఉంచుతుంది, కొన్నాళ్లకి కమురు వాసన వస్తుంది.

బాల్‌పెన్ గీతలు మెత్తని భాగం మీద ఉంటే ఒక దారి ఉంది. మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము మందుల షాపులో దొరుకుతుంది. గీత మీద మాత్రమే పల్చగా రాసి, ఎండ తగిలే కిటికీలో ఉంచి, రోజూ తుడిచి మళ్లీ రాయాలి. కొన్నాళ్లకి వెలుస్తుంది. రంగు వేసిన చోట ఇది రాయకండి, రంగూ పోతుంది. ముందు అరికాలు లాంటి కనిపించని చోట పరీక్షించండి. అయితే ఆ గీత మీ తమ్ముడి పేరైతే, లేదా 'నాది' అని మీరు రాసుకున్న అక్షరాలైతే, క్రీము మూత పెట్టేయండి. అది ఉండాలి.

తెల్ల భాగాలు పసుపెక్కితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పెట్టి ఎండలో ఉంచే పద్ధతి చాలామంది చెబుతారు. పని చేస్తుంది కానీ పసుపు మళ్లీ తిరిగొస్తుంది, ప్లాస్టిక్ పెళుసెక్కే ప్రమాదమూ ఉంది. ఈ బొమ్మలకి అది అవసరం లేదని నా అభిప్రాయం.

నాలుగో మెట్టు: ఊడిన కాళ్లు

అన్నింటికన్నా ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే, అందరూ భయపడేదీ దీనికే. నిజానికి నిదానంగా చేస్తే అంతా చేయగలిగిన పని.

హీ-మ్యాన్ రెండు కాళ్లూ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ప్రతి కాలు పైభాగంలో చిన్న కొక్కెం ఉంటుంది. ఆ రెండు కొక్కేలని తుంటి లోపలి రంధ్రం గుండా పోయే ఒక రబ్బరు బ్యాండు పట్టి ఉంచుతుంది. ఆ రబ్బరు సాగుతూ ఉండటం వల్లే కాలు ఎటు తిప్పినా తిరిగి సర్దుకుంటుంది. ముప్ఫై నలభై ఏళ్లకి, అందులోనూ మన రోహిణి కార్తె ఎండలకి, ఆ రబ్బరు ఎండి పొడైపోతుంది. కాళ్లు వేలాడతాయి, లేదా ఊడి పెట్టెలో విడిగా పడుంటాయి. అంటే కాళ్లు ఊడిన బొమ్మ పాడైపోయినట్టు కాదు. అర్ధరూపాయి విలువ చేయని రబ్బరు పోయింది, అంతే.

కొత్త రబ్బరు ఎక్కడ తేవాలి? ఆఫీసు రబ్బరు బ్యాండు వేస్తే ఏడాది రెండేళ్లలో మళ్లీ అదే కథ. నీళ్ల మోటార్లు బాగుచేసే షాపులో చిన్న ఓ-రింగులు, అంటే గుండ్రటి రబ్బరు రింగులు, అడగండి. స్టోన్‌హౌస్‌పేటలో గానీ, ఒంగోలు ట్రంకు రోడ్డులో గానీ, ఏ చిన్న టౌనులోనైనా స్పేర్ పార్టుల అంగట్లో దొరుకుతాయి. బొమ్మని చూపిస్తే సైజు వాళ్లే చెబుతారు. ఇంకా సులువైనది పాత సైకిల్ ట్యూబు. అడ్డంగా మూడు మిల్లీమీటర్ల వెడల్పున కోస్తే ఒక రింగు వస్తుంది. పెద్దదనిపిస్తే రెండు మడతలు వేసుకోవచ్చు. నల్ల సైకిల్ ట్యూబు బ్యూటైల్ రబ్బరుతో చేస్తారు, మామూలు రబ్బరు బ్యాండుకన్నా ఎన్నో రెట్లు మన్నుతుంది. చిన్నప్పుడు పంగలకర్రకి వాడిందీ ఇదే కదా.

ఇప్పుడు పని. ముందు తుంటి రంధ్రంలో, కొక్కేల చుట్టూ అంటుకున్న పాత రబ్బరు పొడిని పంటిపుల్లతో, పట్టకారుతో పూర్తిగా తీసేయండి. కుడికాలు ఏది, ఎడమకాలు ఏది, పాదాలు ఎటు చూడాలి అన్నది మొదట తీసిన ఫోటోతో సరిచూసుకోండి. తర్వాత కొత్త రింగుని ఒక కాలి కొక్కేనికి తగిలించండి. రింగు రెండో చివర గుండా గట్టి నైలాన్ దారం దూర్చి రెండు కొసలూ కలిపి పట్టుకోండి. ఆ రెండు కొసల్నీ తుంటి రంధ్రంలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పంపి మెల్లగా లాగండి. దారంతో పాటు రింగు కూడా సాగుతూ రెండో పక్క బయటికి కనపడుతుంది. ఇక్కడ ఇంకో మనిషి కావాలి. ఒకరు దారం బిగించి పట్టుకుంటే, ఇంకొకరు రెండో కాలి కొక్కేన్ని ఆ రింగులోకి తగిలించాలి. తగిలాక దారాన్ని ఒక కొసనుంచి లాగితే వచ్చేస్తుంది. మెల్లగా వదిలితే కాళ్లు రెండూ తుంటిలోకి టప్‌మని కూర్చుంటాయి.

ఆ రెండో మనిషి మీ పిల్లలైతే మరీ మంచిది. సన్నని వేళ్లు కాబట్టి కొక్కెం తొందరగా అందుతుంది, లోపల ఏం జరుగుతోందో కూడా వాళ్లకి అర్థమవుతుంది.

రింగు ఎంత బిగువుండాలి అన్నది చూసుకోవాలి. వదులైతే కాళ్లు మళ్లీ వేలాడతాయి. మరీ బిగువైతే కొక్కెం విరుగుతుంది, అది విరిగితే అతకడం చాలా కష్టం. కాలు పక్కకి లాగితే తుంటికీ కాలికీ మధ్య కొద్ది సందు కనపడాలి, వదిలితే మూసుకోవాలి. బొమ్మ చదునైన బల్ల మీద ఏ ఆధారమూ లేకుండా నిలబడాలి. నిలబడితే పని అయినట్టే.

నడుము తిరగకుండా బిగుసుకుపోతే బలంగా తిప్పకండి. హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో, దూరంగా పెట్టి, ప్లాస్టిక్ వెచ్చబడ్డాక కొంచెం కొంచెంగా అటూ ఇటూ కదపండి. అయినా కదలకపోతే ఆపేయండి. లోపల స్ప్రింగు తుప్పు పట్టి ఉంటే బలప్రయోగం ఛాతీని పగలగొడుతుంది. గుద్దలేని హీ-మ్యాన్ పగిలిన హీ-మ్యాన్ కన్నా మేలు.

అయిదో మెట్టు: వంగినవి, విరిగినవి

వంగిన కత్తి సులువు. నీళ్లు బాగా వేడెక్కాలి కానీ మరగకూడదు. కత్తిని అందులో అరనిమిషం ఉంచి, మెత్తబడ్డాక గుడ్డతో పట్టుకుని నిటారుగా చేసి, అలాగే పట్టుకుని చల్లనీళ్లలో ముంచండి. ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది.

విరిగిన గట్టి ప్లాస్టిక్‌కి అందరూ మొదట ఫెవిక్విక్ తీస్తారు. అది త్వరగా పట్టుకుంటుంది కానీ చుట్టూ తెల్లటి పొగ మరక వదులుతుంది, దెబ్బ తగిలితే మళ్లీ ఊడుతుంది. రెండు ట్యూబులు కలిపే అరల్డైట్ నయం. రెండు అంచులనీ సన్నని ఉప్పుకాగితంతో కొంచెం గరుకు చేసి, అగ్గిపుల్ల కొసతో పల్చగా పూసి, దారంతో కట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి. మైనంలా జారుడుగా ఉండే మెత్తని ప్లాస్టిక్‌కి ఏ గమ్మూ సరిగా పట్టదు. అక్కడ సన్నని రాగితీగతో కుట్టినట్టు కట్టడమే దారి, ఆ కట్టు కనపడితే కనపడనివ్వండి.

ఇక రంగు. ఎక్కువమంది ఇక్కడే బొమ్మని పోగొట్టుకుంటారు. ముక్కు మీద రంగు లేచింది, బూటు మీద లేచింది, కొత్త రంగు వేద్దాం అనిపిస్తుంది. వేయకండి. ఎనామెల్ రంగు మెత్తని పీవీసీ మీద ఏళ్లు గడిచినా ఆరక జిగటగానే ఉండిపోతుంది. అదొక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి. ఆ రంగు ఎందుకు లేచిందో మీకు తెలుసు. పెన్నా ఇసుకలో ఆడినప్పుడో, బడిసంచిలో కాంపాస్ బాక్సుతో కలిసి తిరిగినప్పుడో, తమ్ముడితో గుంజుకున్నప్పుడో లేచింది. ఆ గీతలు మీ బాల్యం పెట్టినవి. వాటి మీద పూసిన కొత్త రంగుకి ఏ కథా ఉండదు.

ఆరో మెట్టు: పోయిన ఆయుధాలు

అసలు సెట్టులో హీ-మ్యాన్‌కి ఛాతీ కవచం, గొడ్డలి, డాలు, సగం కత్తి ఉండేవి. సగం కత్తి అంటే నిజంగానే సగం. మిగతా సగం స్కెలెటర్ దగ్గర ఉంటుంది, రెండూ కలిపితే ఒక నిండు కత్తి అవుతుంది. అందుకే కత్తి ఒక పక్క చదునుగా ఉంటుంది. దాన్ని విరిగిందనుకుని బాధపడకండి. మన వీధిలో ఒకరి దగ్గర హీ-మ్యాన్, ఇంకొకరి దగ్గర స్కెలెటర్ ఉంటే తప్ప ఆ కత్తి పూర్తయ్యేది కాదు. బొమ్మ తయారుచేసినవాళ్లు దాన్ని వ్యాపారం కోసమే అలా చేసి ఉండొచ్చు. కానీ ఎండాకాలం మధ్యాహ్నాల్లో రెండిళ్ల పిల్లల్ని ఒక అరుగు మీదకి చేర్చింది ఆ కత్తే.

పోయిన ఆయుధానికి మూడు దారులు. పాత వస్తువులు అమ్మేవాళ్ల దగ్గర కొనొచ్చు. అలా కొనేటప్పుడు వీపు అచ్చు, కాలి బిగువు, కొక్కెం దగ్గర పగుళ్లు కనపడేలా ఫోటోలు అడగండి, ముందే డబ్బు పంపకండి, ఆయుధాలు కొత్తగా పోసిన నకళ్లా అని సూటిగా అడగండి. రెండోది 3డి ప్రింటింగ్. దగ్గర్లో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలుంటే సంతోషంగా చేసిపెడతారు. మూడోది నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే పనివాళ్లు ఉన్నారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పూలూ లతలూ అంత సన్నగా చెక్కే చేతులకి వేలెడంత కత్తి ఎంత పని? కొలత ఇచ్చి చేయించుకోండి. ఎటర్నియా వీరుడి చేతిలో ఉదయగిరి కత్తి ఉంటుంది. అది అసలుది కాదని ఎవరికైనా తెలుస్తుంది. తెలియనివ్వండి.

ఏడో మెట్టు: బొమ్మలే లేనివాళ్లకి

కనిగిరి, పామూరు, వింజమూరు వైపు ఊళ్లలో పెరిగిన ఎందరికో పక్కింటి టీవీలో కార్టూన్ చూడటమే దొరికింది, బొమ్మ దొరకలేదు. వాళ్లు ఊరుకోలేదు. ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయలు రెండింటికి పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసే బండి చేసి, అదే అంతరిక్ష వాహనం అన్నారు. చెప్పుల అట్టపెట్టె హీ-మ్యాన్ కథలోని పుర్రెముఖపు గ్రేస్కల్ కోట అయింది. కొబ్బరిమట్ట కత్తి అయింది. కాబట్టి మీ దగ్గర పాత బొమ్మ లేకపోతే ఈ సామానునే మళ్లీ చేయండి, ఇది కూడా నిఖార్సైన పునరుద్ధరణే.

వేసవిలో ముంజలు వచ్చినప్పుడు ఒకే సైజు కాయలు రెండు ఎంచుకోండి. గట్టి వెదురు పుల్ల నడుమ దూర్చి, చక్రాలు జారకుండా చివర్లు కొంచెం బయటికి ఉంచండి. తోసే కర్ర మీ భుజం ఎత్తుండాలి, చివర పంగ ఉండాలి. అట్టపెట్టె కోటకి దవడ తెరుచుకునే పుర్రె ముఖం ముఖ్యం. అట్టని మూడు పక్కలే కోసి కిందికి మడిస్తే అదే వంతెన. పైన బొగ్గుపొడి కలిపిన గంజి పూస్తే రాయిలాగా కనపడుతుంది. పిల్లలు ఇది చేస్తున్నప్పుడు మీరు దిద్దకండి.

ఎనిమిదో మెట్టు: మన వాతావరణంలో దాచడం

మన వైపు బొమ్మకి శత్రువులు ఇద్దరు. మేలో కాంక్రీటు కప్పు కింద అటక మీద ఉండే వేడి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానల చెమ్మ. కాబట్టి బాగుచేసిన బొమ్మని తిరిగి అటకెక్కించకండి. ఇంట్లో మనుషులు ఉండే గదిలో, ఎండ నేరుగా పడని బీరువా అరలో పెట్టండి.

బట్టల్లో వేసినట్టు కలరా ఉండలు వేయకండి. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది, బొమ్మ అరకి అంటుకుపోతుంది. న్యూస్‌పేపర్ చుట్టొద్దు, అక్షరాల మసి మెత్తని కాళ్లకి దిగుతుంది. ఉతికిన తెల్ల నూలుగుడ్డ మంచిది. మెత్తని కాళ్లు ఇంకో బొమ్మ గట్టి ఛాతీకి ఆనుకోకుండా ఉంచండి. ఊరే పదార్థం గట్టి ప్లాస్టిక్‌ని కరిగించి మచ్చ చేస్తుంది. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు అరలో రెండు వేసి, వానాకాలం అయ్యాక మార్చండి. నిలబెట్టి ఉంచితే ఏళ్లకి కాళ్లు వంగిపోతాయి కాబట్టి ఎక్కువకాలం దాచేటప్పుడు పడుకోబెట్టండి.

బయట పెట్టి చూసుకోవాలంటే పీటగా మార్కాపురం పలక వాడండి. చల్లగా, చదునుగా, బరువుగా ఉంటుంది, బొమ్మ జారదు. దాని మీద బలపంతో బొమ్మ ఎవరిదో, ఏ ఊళ్లో కొన్నదో, ఎవరు కొనిచ్చారో రాయండి. మొదట్లో నోటుపుస్తకంలో రాసుకున్న కథలు ఇక్కడ పనికొస్తాయి.

తొమ్మిదో మెట్టు: పిల్లల చేతికి

మూడేళ్ల లోపు పిల్లలకి ఇవ్వొద్దు. ఆ కాలం రంగుల్లో సీసం లాంటివి ఉండే అవకాశం ఉంది. మన దేశంలో బొమ్మలకి నాణ్యత ముద్ర తప్పనిసరి అయింది 2021 జనవరి 1 నుంచే. కొంచెం పెద్దపిల్లలైతే ఆడుకున్నాక చేతులు కడుక్కోమని చెప్పి ఇచ్చేయండి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేటట్టయితే పైన పడ్డ శ్రమంతా దండగ.

ముందు ఒక భాగం కలిసి చూడండి. ఇప్పటి పిల్లలకి అది నెమ్మదిగా అనిపిస్తుంది. అప్పుడు వాళ్లకి ఒక పని పెట్టండి: ఒకే బొమ్మ కదలిక ఎన్నిసార్లు తిరిగి వస్తుందో కనిపెట్టమనండి. ఖర్చు తగ్గించుకోవడానికి ఫిల్మేషన్ వాళ్లు ఒకసారి గీసిన పరుగు, గెంతు, రూపం మారడం మళ్లీ మళ్లీ వాడారు. ఇంకోటి కూడా గమనించమనండి. అంత పెద్ద కత్తి ఉన్నా హీ-మ్యాన్ దాంతో ఎవరినీ నరకడు. పట్టుకుంటాడు, ఎత్తేస్తాడు, గోడ అడ్డం పెడతాడు. భాగం చివర్లో ఒక నీతి మాట చెబుతారు. మనం అప్పుడు అది రాగానే బయటికి పరిగెత్తేవాళ్లం. ఇప్పుడు కూర్చుని విని, అది సరైనదేనా అని పిల్లల్ని అడగండి. వాళ్ల వాదన వినదగ్గది.

తర్వాత బొమ్మని జేబులో పెట్టుకుని శ్రీహరికోట వెళ్లండి. 2019 నుంచి అక్కడ మామూలు జనం రాకెట్ ప్రయోగం చూడటానికి గ్యాలరీ ఉంది. ప్రయోగం తేదీ ప్రకటించాక షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) వెబ్‌సైట్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, అందరి గుర్తింపు కార్డులూ వెంట ఉండాలి. నమోదు మొదలైన కాసేపటికే సీట్లు అయిపోతాయి కాబట్టి ఆ రోజు ఫోన్ దగ్గర పెట్టుకోండి. నెల్లూరు నుంచి రైల్లో సూళ్లూరుపేట దిగి, అక్కడ నుంచి పులికాట్ మధ్యగా పోయే రోడ్డు పట్టాలి. చలికాలమైతే ఫ్లెమింగోలు కూడా కనపడతాయి. వాతావరణం బాగోలేకనో, ఏదైనా లోపం కనిపెట్టో చివరి నిమిషంలో వాయిదా వేయడం మామూలే, అది పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

రాకెట్ లేచినప్పుడు ముందు వెలుగు కనపడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. చప్పుడు కిలోమీటరుకి దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది. వెలుగు కనపడగానే పిల్లల్ని అంకెలు లెక్కపెట్టమనండి. చప్పుడు చెవిన పడ్డాక ఆ అంకెని మూడుతో భాగిస్తే, మీరు రాకెట్‌కి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నారో వాళ్లే చెబుతారు.